బేస్ మార్చే ప్రోగ్రాం రాస్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

సంఖ్యల బేస్ (ఎన్ని అంకెలతో లెక్కిస్తామో ఆ సంఖ్య) మార్చడానికి బైనరీ (బేస్ 2) నుంచి హెక్సాకి (బేస్ 16) ఒక ఫంక్షన్, ఆక్టల్ (బేస్ 8) నుంచి బైనరీకి ఇంకొకటి అంటూ విడివిడిగా రాస్తున్నావట. రెండే చాలు. అంకెల్ని చదివి పూర్ణాంకం చేసేది ఒకటి, పూర్ణాంకాన్ని అంకెలుగా విడగొట్టేది ఇంకొకటి. ఏ బేస్ నుంచి ఏ బేస్‌కైనా ఆ పూర్ణాంకం మీదుగానే వెళ్లు.

చదవడం తేలిక. విలువ సున్నాతో మొదలుపెట్టి, ఎడమవైపు నుంచి ఒక్కో అంకె దగ్గరా విలువను బేస్‌తో గుణించి ఆ అంకె కలుపుతూ పో. అంకె బేస్ కంటే చిన్నదేనా అని మాత్రం చూసుకో. "12"ని బేస్ 2గా చదవమంటే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్ ఫంక్షన్ 2 దగ్గర ఆగిపోయి, చడీచప్పుడు లేకుండా 1 చేతిలో పెడుతుంది.

తిప్పలన్నీ విడగొట్టడంలోనే. బేస్‌తో భాగించి శేషం దాచుకో, భాగఫలం సున్నా అయ్యేదాకా అదే పని. శేషాలు ఒకట్ల స్థానం నుంచి వస్తాయి కనక చివర్లో తిరగెయ్యాలి. ఇచ్చిన సంఖ్యే సున్నా అయితే లూప్ అసలు తిరగదు, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. దానికి ముందే "0" ఇచ్చెయ్. రుణ సంఖ్యలతో ఇంకా చిక్కు: పైథాన్‌లో -1 // 2 (భాగించి, కింది పూర్ణాంకానికి దించడం) మళ్లీ -1యే, లూప్ ఎప్పటికీ ఆగదు. సీ భాషలో ఆగుతుంది గానీ శేషాలు రుణాలుగా వస్తాయి. గుర్తు తీసి పక్కనపెట్టి, పని అయ్యాక అతికించు. ఎన్ని అంకెలొస్తాయో లాగరిథంతో లెక్కెయ్యకు. 10 బేస్‌లో 1000కి మ్యాథ్ మాడ్యూల్ లాగ్ అడిగితే పైథాన్ 3 బదులు 2.9999999999999996 అంటుంది.

మిశ్రమ బేస్‌కి, అంటే ఒక్కో స్థానానికి ఒక్కో బేస్ ఉన్నప్పుడు, కొత్త పద్ధతేం లేదు, ఒక బేస్ బదులు బేస్‌ల జాబితా ఇస్తావు, అంతే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. జాబితా [12, 16]. 1000 పైలని 12తో భాగిస్తే 83, శేషం 4. 83ని 16తో భాగిస్తే 5, శేషం 3. అంటే 5 రూపాయల 3 అణాల 4 పైలు. రూపాయలకి పైన హద్దు లేదు, మిగిలిందంతా అక్కడే ఉంచు. జాబితా చిన్న స్థానం నుంచే రాయి. పొరపాటున [16, 12] అని రాస్తే 5 రూపాయల 2 అణాల 8 పైలు వస్తుంది. రూపాయలు సరిపోయాయి కదా అని ఎవరూ అనుమానించరు!

మన లక్షల కామాలు కూడా ఇదే లెక్క, జాబితా [1000, 100, 100]. ఇక్కడ 105007 ఇస్తే ముక్కలు 1, 5, 7 వస్తాయి. అలాగే అతికిస్తే 1,5,7 అవుతుంది. మొదటి ముక్క తప్ప మిగతావాటికి ముందు సున్నాలు నింపు: చివరిదానికి మూడు స్థానాలు, మధ్యవాటికి రెండేసి. అప్పుడు 1,05,007.

పరీక్షించేటప్పుడు విడగొట్టి, మళ్లీ కలిపి, అదే సంఖ్య వచ్చిందని సంబరపడకు. జాబితా తిరగబడినా రెండు ఫంక్షన్లూ దాన్నే వాడతాయి కనక సంఖ్య చక్కగా తిరిగొస్తుంది. చేత్తో లెక్కేసిన జవాబులతో పోల్చు, అవి కూడా ఏరి పెట్టుకో. 192 పైలు [12, 16], [16, 12] రెండు జాబితాల్లో దేనికైనా 1 రూపాయి 0 అణా 0 పై అనే చూపిస్తుంది. 12 ఇచ్చి చూడు: 1 అణా బదులు 12 పైలు అన్నదా, జాబితా తిరగబడినట్టే.

మీ మావయ్య