మబ్బు పడితే గుండె దడ... నిద్రమాత్ర వేసుకోవచ్చా?

డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది వరంగల్, హంటర్ రోడ్డు వైపు కాలనీ. నాకు 38 ఏళ్లు. మొంథా తుపానుకు 2025 అక్టోబరు 29 రాత్రి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది. బాబును భుజాన వేసుకుని, మామయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పక్కింటి డాబా ఎక్కి తెల్లవార్లూ కూర్చున్నాం. ఇప్పటికి పదహారు రోజులు. ఇల్లు కడుక్కున్నాం, పొయ్యి వెలిగింది. కానీ మబ్బు పడితే చాలు గుండె దడదడలాడుతోంది, చేతులు చల్లబడుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. లేచి గడప దగ్గర టార్చి వేసి చూసి వస్తాను, ఇక నిద్ర పట్టదు. ఏడేళ్ల బాబు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. మామయ్యకు షుగర్, బీపీ ఉన్నాయి. తడిసిన మాత్రలు ఎండబెట్టి వాడుతున్నాం. ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. మా ఆయనేమో "అందరి ఇండ్లు మునిగినయ్, నీ ఒక్కదానికే ఏంది?" అంటున్నారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవచ్చా? నాకేమైనా మతి చెడుతోందా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ మతి చెడలేదు. నిద్రమాత్రలు మాత్రం షాపులో అడిగి తెచ్చుకోకండి, ఎందుకో కింద వివరంగా రాస్తాను. అయితే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మీ గుండె దడ కాదు, మామయ్య మాత్రలు ఎండబెట్టి వాడుతున్నామన్న మాట. అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ నిద్ర సంగతి పది రోజులు ఆగినా ఫరవాలేదు, ఆయన షుగర్ ఆగదు.

వరద నీళ్లలో మునిగిన మందు ఏదైనా పారేయాల్సిందే. ఆ నీళ్లలో మోరీ నీళ్లున్నాయి, పొంగిన మరుగుదొడ్ల గుంతల నీళ్లున్నాయి. మందు షీటు పైకి బాగానే కనిపిస్తుంది. మొన్న ఒక పెద్దాయన తన మందుల కవరు తెచ్చి నా టేబుల్ మీద గుమ్మరించారు. ఒక షీటు చించి చూశాను. రేకు వెనక సన్నగా మట్టి గీత ఉంది. మాత్ర అంచు మెత్తబడి, తడి సున్నంలా వేలికి అంటింది. అందులో మందు ఎంత మిగిలిందో ఏ డాక్టరూ చూసి చెప్పలేరు. ఎండలో పెడితే ఉన్న కాస్తా పోతుంది. బీపీ మందు సరిగా పడకపోతే పైకి ఏ బాధా తెలియదు, ఒకరోజు మూతి వంకర పోయి చెయ్యి పడిపోయాక తెలుస్తుంది. కాబట్టి ఇది చదివిన రోజే కొత్త మందులు తెప్పించండి. చీటీ కొట్టుకుపోతే ఖాళీ షీట్లయినా సరే, ఫోన్‌లో ఎప్పుడో తీసిన ఫొటో అయినా సరే, పట్టుకెళ్లి బీపీ, షుగర్ చూపించుకుని రాయించుకోండి. బీపీ, షుగర్ మాత్రలు సర్కారు దవాఖానల్లో ఉచితంగానే ఇస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మీ వాడ ఆశా కార్యకర్తను అడగండి.

ఇన్సులిన్ కూడా తీసుకుంటున్నారేమో మీరు రాయలేదు. తీసుకుంటుంటే, నీళ్లలో మునిగిన ఫ్రిజ్‌లోని సీసా వాడొద్దు. కొత్త సీసా తెచ్చాక ఫ్రిజ్ లేదే అని టెన్షన్ పడకండి. మూత తీసి వాడుతున్న సీసా ఎండ తగలని చల్లటి చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్ల మట్టికుండ పక్కన తడిగుడ్డ చుట్టి ఉంచితే చాలు.

ఇంకొకటి, ఆయన కాళ్లు మీరే స్వయంగా చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది. ఆ రాత్రి నీళ్లలో గాజు పెంకు గుచ్చుకున్నా తెలిసి ఉండదు. వేళ్ల సందుల్లో తెల్లగా నాని చీలి ఉందా, అరికాలు ఎక్కడైనా ఎర్రగా, వేడిగా ఉందా చూడండి. పుండు చిన్నదే కదా అని పసుపు అద్ది ఊరుకోకండి, అదే రోజు చూపించండి. గాయం అయిన వాళ్లు ఎవరైనా ఇంకా ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోకపోతే ఇప్పుడైనా వేయించుకోవాలి.

ఇక మీ విషయం.

తుపాను అంటే అది కోస్తా వాళ్ల కష్టమని మన ఓరుగల్లులో అనుకుంటాం. మొంథా తీరం దాటింది నర్సాపురం దగ్గర, అక్టోబరు 28 రాత్రి. మనకు రెండొందల యాభై కిలోమీటర్లకు పైనే. గాలి బలం తగ్గింది కానీ, మోసుకొచ్చిన నీళ్లన్నీ మన మీద కుమ్మరించింది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. సముద్రం పక్కన ఉండేవాళ్లకు తుపాను వస్తోందన్న కబురు నాలుగు రోజుల ముందే అందుతుంది, మనసు కొంత సిద్ధపడుతుంది. మీకు ఆ వ్యవధి లేదు. సాయంత్రం వంట చేసుకున్నారు, రాత్రికి ఆ వంటింట్లోనే గిన్నెలు తేలాయి. మెదడు ఇలాంటి దెబ్బను అంత తేలిగ్గా మర్చిపోదు.

మన మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉంటుంది. దాని పని కాపలా. ప్రమాదం వచ్చిన రోజు ఏ చప్పుడు వినపడిందో, ఏ వాసన వచ్చిందో అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత మబ్బు పట్టినా, రేకుల మీద చినుకు పడినా, తడి మట్టి వాసన వచ్చినా మీ ఆలోచన అందుకునే లోపే అది గంట కొట్టేస్తుంది. రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోన్ దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతుల్లో రక్తం తగ్గి చల్లబడతాయి. ఆ రాత్రి పిల్లవాణ్ని భుజాన వేసుకుని నడుం లోతు నీళ్లలో నడిచే బలం మీకు ఇచ్చింది కూడా ఇదే. ఇప్పుడు అవసరం లేకపోయినా ఇంకా దిగడం లేదు, అంతే. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో మెల్లగా దానంతట అదే దిగుతుంది. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. అందరి ఇండ్లు మునిగిన మాట నిజమే. ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నవాళ్లలో చాలామంది చెప్పేదీ ఇదే, "మొగులు పట్టిందంటే సాలు సారూ, పాణం గిలగిల కొట్టుకుంటంది" అని. మగవాళ్లు మాత్రం గుండె దడ అనరు, కడుపులో మంట అంటారు, తలనొప్పి అంటారు, కొందరు సాయంత్రం మందు సీసా ముందు కూర్చుంటారు. మీ ఆయన ఎలా ఉన్నారో మీరు రాయలేదు. ఆయన్నీ ఒకసారి అడగండి.

రాత్రి రెండింటికి లేచి గడప దగ్గర టార్చి వేస్తున్నానన్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. నేల పొడిగా కనిపించగానే మీకు ప్రాణం కుదుటపడుతుంది. సరిగ్గా అక్కడే మెదడు ఒక తప్పు పాఠం నేర్చుకుంటుంది, 'లేచి చూశాం కాబట్టే ఏమీ కాలేదు' అని. మర్నాడు అదే టైముకు మళ్లీ లేపుతుంది. దీన్ని విడిపించాలంటే కాపలా పనిని రాత్రి నుంచి పగటికి మార్చాలి. ఇక వరద రాదులే అని నేను మీకు అబద్ధం చెప్పను. 2020 ఆగస్టులో, 2023 జులైలో, 2025 అక్టోబరులో వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కాకతీయులు ఒక చెరువు నిండితే ఇంకో చెరువులోకి పారేలా కట్టిన గొలుసుకట్టు ఊరు ఇది, ఆ నీళ్లు పోయే దారుల్లో మనం ఇళ్లు కట్టుకున్నాం. మీ భయానికి కారణం ఉంది. అందుకే దానికి ఒక పని అప్పజెప్పండి.

ఒక బ్యాగు సర్దండి. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం, బాబు సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి కట్టండి. మామయ్యకు పది రోజుల మందులు, మందుల చీటీ ఫొటో, టార్చి, ఒక జత బట్టలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు వేయండి. బీరువా మీద కాదు, తలుపు పక్కన కొక్కేనికి తగిలించండి. ఈసారి ఎవరి డాబా మీదికి వెళ్తారో వాళ్లతో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. మెయిన్ స్విచ్ ఎవరు ఆపాలి, మామయ్యను ఎవరు పట్టుకోవాలి అన్నది మీరూ మీవారూ అనుకోండి. ఇక రాత్రి పడుకునే ముందు ఒక్కసారి గడప చూడండి, వాతావరణ శాఖ హెచ్చరిక ఏమైనా ఉందేమో ఫోన్‌లో ఒక్కసారి చూడండి. ఆరెంజో రెడ్డో ఉన్న రోజు ఇద్దరూ వంతులు వేసుకుని మేలుకోండి. ఏ హెచ్చరికా లేని రోజు రెండింటికి మెలకువ వచ్చినా మంచం దిగొద్దు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేది పొడుగ్గా ఉండాలి, గుండెను నిమ్మళింపజేసేది అదే. ఐదు నిమిషాలు చేయండి. మొదటి మూడు నాలుగు రాత్రులు టార్చి కోసం చెయ్యి లాగుతుంది, ఓర్చుకోండి. తెల్లవారి మాత్రం నిద్ర పట్టినా పట్టకపోయినా రోజూ ఒకే టైముకు లేవండి. మధ్యాహ్నం దాటాక టీ వద్దు. పడుకునే ముందు వాట్సాప్‌లో వరద వీడియోలు అసలు చూడొద్దు.

నిద్రమాత్ర ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. షాపుల్లో దొరికే ఆల్ప్రజోలం లాంటివి ఆ రాత్రికి కళ్లు మూయిస్తాయి, నిజమే. కానీ ఇలాంటి దెబ్బ తగిలిన మొదటి నెలలో ఈ జాతి మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మనసు తనంతట తాను సర్దుకునే పనికి అవి అడ్డం పడతాయి, కొన్ని వారాల్లోనే అలవాటవుతాయి, ఆపితే దడ రెట్టింపవుతుంది. పైగా నిజంగానే నీళ్లొచ్చిన రాత్రి మీరు మాత్ర మత్తులో ఉంటే ఆ పిల్లవాణ్ని ఎత్తుకునేదెవరు? ఒక పరీక్ష మాత్రం చేయించుకోండి. మీ వయసు ఆడవాళ్లలో గుండె దడకు రక్తం తక్కువ కావడం, థైరాయిడ్ కూడా కారణాలవుతాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఒక ఈసీజీ చూపించుకుంటే ఆ అనుమానం పోతుంది.

బాబు పక్క తడపడం గురించి ఏమీ అనకండి, ఎవరి ముందూ చెప్పకండి. పెద్ద భయం తర్వాత పిల్లలు కొన్నాళ్లు వయసులో వెనక్కి వెళ్తారు. కాగితం పడవలు చేసి వాటిని ముంచే ఆట ఆడినా ఆపొద్దు, వాడికి తెలిసిన భాషలో ఆ రాత్రి గురించి చెప్పుకుంటున్నాడు. "చెప్పు, ఏమైంది చెప్పు" అని గుచ్చి అడగొద్దు. పెద్దవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆ బ్యాగులో తనకు కావాల్సిన వస్తువు ఒకటి వాణ్నే పెట్టమనండి.

మామయ్య మౌనాన్ని మాత్రం వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. షుగర్ ఎక్కువైనా తక్కువైనా మనిషి మందకొడిగా అయిపోతాడు. కాబట్టి ముందు షుగర్ చూపించండి. అది సరిగా ఉండి కూడా అన్నం సరిగా తినకుండా, స్నానానికి లేవకుండా ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. ఆయన పక్కన కూర్చుని ఆ నీళ్లలో ఏమేం పోయాయో ఒక్కొక్కటీ చెప్పుకునే వీలు ఇవ్వండి. ఆయన వయసు వాళ్లకు పోయినవి వస్తువులు కావు. అత్తమ్మ ఫొటో కావచ్చు, పెళ్లినాటి పెట్టె కావచ్చు.

ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట, "వరద నీళ్లలో నడిచాం" అని. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం నీళ్లు తగిలిన నెల రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు. పిక్కలు పట్టేసినట్టు నొప్పి, ఎర్రబడిన కళ్లు దాని గుర్తులు. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌కే లొంగుతుంది, ఆలస్యమైతే కిడ్నీల మీదికి వస్తుంది. నీళ్లు తీసిన వారం పది రోజులకు డెంగీ దోమ కూడా లేస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు.

నవంబరు 29కి నెల నిండుతుంది. ఆ తేదీ గోడ మీది క్యాలెండర్‌లో చుట్టండి. అప్పటికీ ఇదే దడ, ఇదే మెలకువ, ఆ రాత్రి మళ్లీ జరుగుతున్నట్టు పీడకలలు ఉంటే మానసిక వైద్యులకు చూపించుకోవాలి. ఎంజీఎం ఆసుపత్రిలోనూ చూస్తారు. మాటలతో చేసే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. కదల్లేని రోజు టెలి మానస్ (మానసిక సమస్యలకు సర్కారు హెల్ప్‌లైన్) నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకడం ఎందుకన్న ఆలోచన మీకు గానీ, మామయ్యకు గానీ, మీవారికి గానీ వస్తే నెల నిండేదాకా చూడొద్దు, ఆ గంటలోనే ఫోన్ చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, మీవారిని వెంట తీసుకెళ్లండి. ఆ ఎండబెట్టిన మాత్రల కవరు కూడా పట్టుకెళ్లి, వాళ్ల ముందే చెత్తబుట్టలో వేయండి.