చల్లటి టైరుకే గాలి లెక్క

ఈ నెల పాఠకుల ప్రశ్నలు: టైర్లు, గాలి

ప్రశ్న: నాది టర్బో సెడాన్. టైర్లు 205/55 ఆర్16. డోరు స్తంభం మీది స్టిక్కర్‌లో 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. సుంకి ఘాట్ దిగి సాలూరులో బంకు దగ్గర చూపిస్తే 38 వచ్చింది. బంకు కుర్రాడు ఐదు తీసేశాడు. మర్నాటి నుంచి స్టీరింగ్ బరువుగా, మలుపుల్లో బండి మెత్తగా అనిపిస్తోంది. ఘాట్ రోడ్డుకి వేరే గాలి పెట్టాలా? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: అక్కర్లేదు. ఆ ఐదు తీయకుండా ఉండాల్సింది. స్టిక్కర్ మీది 33 చల్లటి టైరు లెక్క. బండి కనీసం మూడు గంటలు నీడన ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లలోపే నడిచి ఉండాలి. ఘాట్ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) నలుగుతుంది, బ్రేకు డిస్కుల వేడి రిమ్ముకి పాకుతుంది. నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం మామూలే, ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే కంపెనీవాళ్లు 33 అన్నారు. మీరు వేడి మీద ఐదు తీయించారు కాబట్టి చల్లారాక మిగిలింది 28. అలాంటి టైరుతో మలుపు తిప్పితే ట్రెడ్ (రోడ్డుని తాకే భాగం) అంచులు దాటి భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే చోటు) రోడ్డుకి రాసుకుంటుంది, సైడ్‌వాల్ ఇంకా నలుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎక్కువ వేగంలో టైరు పేలడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, ఎక్కువ గాలి కాదు.

ఎత్తు సంగతి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్లు. అక్కడ బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గేజ్ ఒకటిన్నర పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. పైన చల్లదనం వల్ల ఇంచుమించు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. రెండిటికీ చెల్లు. పట్టించుకోవాల్సింది కాలాన్ని: ప్రతి 5-6 డిగ్రీల తేడాకీ ఒక పీఎస్‌ఐ. మేలో 35 డిగ్రీల్లో నీడన 33 పెట్టిన టైరు జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీలకి వచ్చేసరికి 28-29 చూపిస్తుంది, ఎక్కడా లీకు లేకుండానే.

కాబట్టి సొంతంగా ఒక డిజిటల్ గేజ్ కొనుక్కోండి. రెండు వారాలకోసారి, పొద్దున్న ఎండ తగలకముందు, ఇంటి దగ్గరే చూసుకోండి. వాల్వ్ మీద గేజ్ నిటారుగా నొక్కాలి. బుస్సుమని శబ్దం ఆగకపోతే ఆ అంకెను నమ్మకండి. కొట్టేటప్పుడు ఒకటి ఎక్కువ కొట్టి, తీస్తూ 33కి తెండి. కుడి ఎడమల మధ్య ఒక పీఎస్‌ఐ తేడా కూడా వద్దు. దారిలో తప్పనిసరై వేడి మీద కొట్టించాల్సి వస్తే 37 పెట్టించి మర్నాడు సరిచేసుకోండి.

స్టీరింగ్ ఇంకొంచెం చురుగ్గా ఉండాలంటే ముందు టైర్లకి ఒకటి రెండు పెంచి చూడొచ్చు. స్టిక్కర్ కంటే తగ్గించడం మాత్రం వద్దు.

ప్రశ్న: టైరు పక్కన మాక్స్ ప్రెషర్ 51 అని రాసుంది. 44 పెడితే మైలేజీ, పట్టు రెండూ వస్తాయని మిత్రుడి మాట. (బరంపురం)

జవాబు: మైలేజీ కాస్త వస్తుంది, పట్టు పోతుంది. 51 టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి చెప్పింది కాదు. గాలి ఎక్కువైతే ట్రెడ్ నడిమి భాగమే రోడ్డుని తాకుతుంది. వానలో బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది, నడిమి గాళ్లు ముందే అరుగుతాయి.

ప్రశ్న: 205/55 ఆర్16 తీసి 215/45 ఆర్17 వేయించాను. గాలి పాతంతే చాలా? (రాయగడ)

జవాబు: ముందు టైరు మీద సైజు పక్కనున్న లోడ్ అంకె చూడండి. పాత టైరుది సాధారణంగా 91, అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 215/45 ఆర్17 రెండు రకాలుగా దొరుకుతుంది. 87 అని ఉంటే మోసేది 545 కిలోలే. దాన్ని షాపులో వెనక్కిచ్చేయండి. 91 ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు) అయితే మంచిదే, కానీ మెలిక ఒకటుంది. మామూలు టైరు 36 పీఎస్‌ఐ దగ్గర మోసే 615 కిలోలని ఎక్స్ఎల్ టైరు 42 దగ్గర మోస్తుంది. పాతదానిలో 33 పెట్టేవారైతే దీనికి సుమారు 38 కావాలి. షాపుల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. పాత 33తోనే నడిపితే రాయగడ - గుణుపురం దారిలో ఒక్క గుంత చాలు, సైడ్‌వాల్ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, పైకి బుడిపె వస్తుంది. బుడిపె వచ్చిన టైరుకి మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

ప్రశ్న: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద సొంత కారు నడపబోతున్నాను. ఎంత పెట్టాలి? (పర్లాకిమిడి)

జవాబు: ట్రాక్ మీద చూసేది వేడి అంకె. స్టిక్కర్ ప్రకారం పెట్టి బయల్దేరండి. నెమ్మదిగా ఒక ల్యాప్, గట్టిగా మూడు నాలుగు ల్యాపులు వేసి, చల్లార్చే ల్యాప్ లేకుండా పిట్‌కి వచ్చి వెంటనే కొలవండి. ముందుచక్రాల డ్రైవ్ కారులో ముందు టైర్లు ఎక్కువ పెరుగుతాయి. ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి సుద్దముక్కతో మూడు చోట్ల గీతలు గీసి ఉంచండి. గీత సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే గాలి తక్కువ, ట్రెడ్ అంచు దాకా కూడా చెరగకపోతే ఎక్కువ. ఒక్కొక్క పీఎస్‌ఐ చొప్పున మార్చి మళ్లీ చూడండి. ఎండ పెరిగేకొద్దీ మధ్యాహ్నం ఇంకోసారి తీయాల్సి వస్తుంది. ఇంటికి బయల్దేరే ముందు తీసిన గాలి అంతా తిరిగి కొట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ప్రశ్న: నైట్రోజన్ పెడితే వేడికి గాలి పెరగదా? (కోరాపుట్)

జవాబు: పెరుగుతుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ లేకపోవడం, కాస్త నెమ్మదిగా తగ్గడం తప్ప వేరే లాభం లేదు. ఉచితంగా ఇస్తే పెట్టించుకోండి.

ప్రశ్న: డాష్‌బోర్డులో టైరు లైటు వెలగలేదు, కానీ నాలుగింటిలోనూ 27 ఉంది. సెన్సార్ పాడైందా? (జయపురం)

జవాబు: చాలా కార్లలో వాల్వ్ దగ్గర సెన్సార్ ఉండదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్లే ఏ చక్రం మిగతావాటికంటే వేగంగా తిరుగుతోందో చూసి చెబుతాయి. నాలుగూ ఒకేలా దిగితే తేడా కనబడదు, లైటు వెలగదు. గాలి సరిచేశాక మెనూలో రీసెట్ నొక్కండి. లేకపోతే అది 27నే సరైనదిగా గుర్తుంచుకోవచ్చు.