గణాంకాలను ఫైళ్లుగా మౌంట్ చేయడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

నెట్‌వర్క్ ప్యాకెట్లను మోసే సాఫ్ట్‌వేర్ అయిన వీపీపీకి, దాని గణాంకాలు చూడటానికి సీఎల్ఐ (ఆదేశాలు టైపు చేసే తెర), ఏపీఐ (ఇతర ప్రోగ్రామ్‌లు వాడే మార్గం), ప్రొమిథియస్ ఎక్స్‌పోర్టర్ (పర్యవేక్షణ వ్యవస్థకు అంకెలు అందించేది) అన్నీ ఉండగా, అవే కౌంటర్లను ఫ్యూజ్ (మామూలు ప్రోగ్రామ్‌తోనే ఫైల్ సిస్టమ్ తయారుచేయనిచ్చే లినక్స్ సదుపాయం) ద్వారా ఒక డైరెక్టరీగా మౌంట్ చేయడం అనవసరపు బరువు కాదా అని మీరు అడిగారు. కాదని నేను గట్టిగా చెబుతాను. ప్యాకెట్లను మోసే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఈ సదుపాయం మొదటి రోజు నుంచే ఉండి తీరాలి.

వీపీపీ వాడే డీపీడీకే (కెర్నెల్‌ను దాటి ప్యాకెట్లను నేరుగా అందుకునే లైబ్రరీ) నెట్‌వర్క్ కార్డును లినక్స్ కెర్నెల్ చేతిలోంచి తీసుకున్నప్పుడు, మనం ఏళ్ల తరబడి అలవాటుగా చూసే ప్రోక్, సిస్ డైరెక్టరీలలో ఆ కార్డు ప్యాకెట్ల లెక్కలు కనిపించవు. వీపీపీ తన కౌంటర్లను షేర్డ్ మెమరీలో (ఇతర ప్రోగ్రామ్‌లూ చదవగల మెమరీలో) ఉంచుతుంది. వాటిని చదవాలంటే యూనిక్స్ సాకెట్‌కు కనెక్టై, ఫైల్ డిస్క్రిప్టర్ అందుకొని, ఆ మెమరీని మ్యాప్ చేసుకొని, చదువుతున్న సమయంలో దాని అమరిక మారిందేమో ఎపాక్ సంఖ్యతో (అమరిక మారినప్పుడల్లా పెరిగే సంఖ్యతో) సరిచూసుకోవాలి. వేగానికి ఇది చక్కటి ఏర్పాటే అయినా, షెల్ ముందు కూర్చున్న మనిషికి ఇది అందదు. వీపీపీతో పాటు వచ్చే స్టాట్స్ ఎఫ్ఎస్ ఈ పనంతా తానే చేసి, ఒక్కొక్క కౌంటర్‌ను ఒక్కొక్క ఫైలుగా చూపిస్తుంది.

మా గేట్‌వేలో ఒక రాత్రి, భాగస్వామి సంస్థ నుంచి రావలసిన ట్రాఫిక్ ఉన్నట్టుండి ఆగిపోయింది. లింకు బాగానే ఉంది. భౌతిక ఇంటర్‌ఫేస్‌లో అందుకున్న ప్యాకెట్ల సంఖ్య పెరుగుతూనే ఉంది, కానీ దాని సబ్-ఇంటర్‌ఫేస్ (ఒక వీల్యాన్‌కు, అంటే ఒకే లింకు మీద సంఖ్యతో వేరుచేసిన నెట్‌వర్క్‌కు, కేటాయించిన భాగం) కౌంటర్ కదలడం లేదు. డ్యూటీలో ఉన్న కుర్రవాడికి వీపీపీ సీఎల్ఐ వాడే అనుమతి లేదు. ఆ సీఎల్ఐతో కాన్ఫిగరేషన్ కూడా మార్చేయవచ్చు కనుక ఇవ్వకపోవడమే సబబు. అతడు మౌంట్ చేసి ఉన్న డైరెక్టరీలోకి వెళ్లి, ఎర్రర్ల ఫైళ్లన్నింటినీ గ్రెప్‌తో ఒకసారి చదివి దాచుకొని, కాసేపాగి మళ్లీ చదివి, ఆ రెండింటికీ డిఫ్ ఆదేశంతో తేడా తీశాడు. ఈథర్‌నెట్ ఇన్‌పుట్ నోడ్ (వీపీపీలో ప్యాకెట్ దాటే దశల్లో ఒకటి) కింద ‘అన్‌నోన్ వీల్యాన్’ అన్న ఫైలులో ఒక వర్కర్ థ్రెడ్ (ప్యాకెట్ల పనిని పంచుకొని సమాంతరంగా నడిచే భాగం) విలువ వేగంగా పెరుగుతున్నట్టు తేలింది. అవతలివారు తమ స్విచ్‌లో వీల్యాన్ సంఖ్య మార్చారని అప్పుడు తెలిసింది. ఇందుకు అతడు వాడినవన్నీ ఏ లినక్స్ యంత్రంలోనైనా ఉండే ఆదేశాలే.

అదే సమయంలో మా డ్యాష్‌బోర్డులో ఆ డ్రాప్‌లన్నీ (పారేసిన ప్యాకెట్లన్నీ) కలిసి ఒకే గీతగా కనిపించాయి. డ్యాష్‌బోర్డులు తయారుచేసేవారి మీద నాకున్న ఫిర్యాదు ఇదే: థ్రెడ్లన్నింటినీ కూడేసి, కారణాలన్నింటినీ ఒకే గడిలో పోసి, దానికి అందమైన రంగు వేస్తారు. ఎవరో ముందే ఊహించి పెట్టిన ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. ఊహించని ప్రశ్న ఎదురైనప్పుడు అసలు అంకెలు విడివిడిగా చేతికి దొరకాలి.

మీరు ఇలాంటి ఫైల్ సిస్టమ్‌ను స్వయంగా రాయదలచుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఫ్యూజ్ మౌంట్‌లోకి, మౌంట్ చేసిన యూజర్‌కు తప్ప మరెవరికీ, చివరికి రూట్‌కు కూడా, మామూలుగా ప్రవేశం ఉండదు; అలౌ అదర్ ఆప్షన్ ఇవ్వాలి, దానితో పాటే మౌంట్‌ను రీడ్-ఓన్లీ చేయాలి. ఇక ఇలాంటి ఫైలు పరిమాణం తెరిచి చదివేదాకా తెలియదు కనుక సున్నా అని చూపిస్తాం. డైరెక్ట్ ఐవో (కెర్నెల్ క్యాష్‌ను దాటి నేరుగా చదివించే ఆప్షన్) పెట్టకపోతే కెర్నెల్ ఆ సున్నాను నమ్మి, ఫైలును చదివి చూపే క్యాట్ ఆదేశానికి ఖాళీ ఫైలు అందిస్తుంది.

రెండు ఫైళ్లను వరుసగా చదివినప్పుడు ఆ విలువలు ఒకే క్షణానికి చెందినవి కావు. అందువల్ల సెకనుకు పలుమార్లు నమూనాలు తీసి రేట్లు లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు షేర్డ్ మెమరీనే నేరుగా చదువుకోవాలి. ఈ డైరెక్టరీని మాత్రం లోపం వెతికే మనుషులకూ వారి చిన్న చిన్న స్క్రిప్టులకూ వదిలేయండి.