షోలో స్విఫ్ట్ ఎందుకు వెనకబడింది?

తమ్ముడూ, స్విఫ్ట్‌కి బాడీ కిట్ (బయట బిగించే బంపర్లు, అంచుల సెట్), వెడల్పు అల్లాయ్ చక్రాలు, బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగ్స్ అన్నీ వేయించినా కార్ షోలో మొదటి రౌండ్‌లోనే పక్కన పెట్టేశారని, ఓ పాత మారుతి 800కి ప్రైజ్ ఇచ్చారని రాశావు. నీ ఫొటోలు చూశాను. జడ్జీలకి ఎన్ని పార్టులు వేశావన్నది కాదు, అవి ఎంత నీట్‌గా కుదిరాయన్నదే ముఖ్యం.

ముందు పెయింట్ సంగతి. కారుని ట్యూబ్‌లైటు కింద పెట్టి డోర్ మీద పడే వెలుగు గీత చూడు. తిన్నగా లేకుండా వంకర్లు పోతుంటే పైకోటు నారింజ తొక్కలా గరుకుగా ఉన్నట్టే. క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే ఆ పారదర్శక పైకోటు, మందం సరిపడా ఉంటే 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దించి, కాంపౌండ్ (మెరుగుపెట్టే పేస్టు) కొట్టిస్తే పోతుంది. అంచుల దగ్గర మాత్రం చెయ్యి తేలిగ్గా పడాలి, అక్కడ రంగు పల్చగా ఉంటుంది.

బంపర్‌కీ ఫెండర్‌కీ (చక్రం పైనుండే రేకు) మధ్య ఎడమవైపు వేలు పట్టేంత సందుంది, కుడివైపు లేదు. దాన్ని పుట్టీతో పూడ్చకు. కిట్ విప్పించి, టింకరింగ్ మేస్త్రీతో బ్రాకెట్లు సరిచేయించి మళ్లీ బిగించు. స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, టైరు లోపల రాసుకుంటోందేమో కూడా చూసుకో.

లైట్ల వైరు బ్యాటరీ నుంచి నేరుగా లాగినట్టుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, మధ్యలో రిలే (స్విచ్ మీద భారం పడకుండా కరెంటుని కలిపి, ఆపే భాగం) పెట్టించు. ఇది మార్కుల కోసం కాదు, షార్టయితే బండే తగలబడుతుంది.

రోజూ రోడ్డెక్కే బండి కాబట్టి ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా పడొచ్చు. నీ అల్లాయ్స్ ఫెండర్ దాటి బయటికొచ్చాయి. వాటిని తీసేసి, కంపెనీ చెప్పిన సైజువే వేయించు.