ఇషాపూర్ 1942 ముద్ర ఉన్న పాత .303 రైఫిల్: అసలుదేనా, ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: డాలస్‌లో ఎస్టేట్ సేల్‌కి ఒక రైఫిల్ వచ్చింది. కుడివైపు కిరీటం, కింద జీఆర్ఐ, ఇషాపూర్, 1942, మార్క్ 3 పక్కన స్టార్ గుర్తు. నల్ల పెయింట్ అక్కడక్కడ లేచిపోయింది. ధర ఎలా కట్టాలి?

జవాబు: ముందు మ్యాగజైన్ ఊడదీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూడండి. ఖాళీదేనని అమ్మేవాళ్లు చెప్పే మాట లెక్కలోకి రాదు.

ముద్రలు మీరు చెప్పినట్టే ఉంటే (జీఆర్ఐ అంటే జార్జ్ చక్రవర్తి ముద్ర) అది కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. .303 తూటా, మ్యాగజైన్‌లో పది పడతాయి. స్వాతంత్ర్యం తర్వాత చేసినవైతే కిరీటం ఉండదు, అశోకుడి సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ఉంటాయి. దీన్ని 1960లలో ఇషాపూర్‌లోనే వచ్చిన 2ఏ1 రైఫిల్‌తో కలిపేయొద్దు. దాని మ్యాగజైన్ పెట్టెలా చదరంగా ఉంటుంది, 12 తూటాలు, అవీ 7.62వి. పాత .303కి బ్యారెల్ మార్చి చేశారన్నది పుకారే, మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవి.

ముద్ర ఒక్కటి చూసి మురిసిపోకండి. ఖైబర్ కనుమ వైపు చేతితో చేసిన నకళ్లు బోలెడు. 1917 అని తేదీ వేసి పైన విక్టోరియా రాణి వీఆర్ ముద్ర కొట్టినవి కనిపిస్తాయి. ఆవిడ 1901లోనే పోయింది! అక్షరాలు తిరగబడినా, లోతు ఎగుడుదిగుడుగా ఉన్నా అనుమానించండి. అలాంటిది గోడకే, పేల్చడానికి కాదు. డీపీ అని కొట్టి ఉన్నదీ అంతే, అది డ్రిల్లు కోసం పక్కన పెట్టిన తుపాకీ.

అసలు డబ్బంతా చెక్కలోనూ నంబర్లలోనూ ఉంటుంది. ముందు చెక్క మూతి దాకా రావాలి, అక్కడ బయొనెట్ తగిలించే బరువైన నోస్‌క్యాప్ ఉండాలి. వేటకని చెక్క కోసేసినవి అమెరికాలో కొల్లలు. వాటిని కలెక్టర్ ధరకి కొనకండి, తిరిగి పూర్వరూపానికి తేవాలంటే విడిభాగాలకే బోలెడు అవుతుంది. తర్వాత బోల్ట్ పిడి మొదట్లో వెనకవైపున్న నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీది నంబరు ఒకటేనా చూడండి. బ్యారెల్, నోస్‌క్యాప్, సైటు కింద కూడా అదే ఉంటే ఇంకా మంచిది. పాత నంబరు కొట్టేసి కొత్తది వేసి ఉంటే ధర కాస్త తగ్గించండి.

బోల్ట్ నంబరు కలవకపోతే గేజ్ (తూటా కూర్చునే ఖాళీని కొలిచే ఉక్కు బిళ్ల) పెట్టించకుండా పేల్చొద్దు. .303లో తూటా అడుగున ఉన్న అంచే దాన్ని ఛాంబర్‌లో ఆపే ఆనిక. బోల్ట్ తలకీ ఆ అంచుకీ మధ్య ఖాళీ ఎక్కువైతే పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం సాగి, అడుగు దగ్గర తెగిపోతుంది. 0.064 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. దీని తర్వాత వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌కి 0 నుంచి 3 దాకా సైజుల బోల్ట్ తలలున్నాయి, దీనికి అలా నంబర్లు లేవు. అందుకని తలలు మార్చిమార్చి చూడటమే దారి. బ్యారెల్ లోపల నల్లగా ఉన్నా గాడుల అంచులు పదునుగా ఉంటే భయం లేదు, ఉప్పు వదిలే పాత తూటాల ప్రభావం అది. గాడులే లేకుండా నున్నగా ఉంటే .410 షాట్‌గన్‌గా మార్చినదై ఉండొచ్చు, దాంట్లో .303 జోలికి పోవద్దు.

నల్ల పెయింట్ గీకేయకండి. ఇండియాలో మరమ్మతు చేసినప్పుడు వేసేది అదే. గీకి మెరుగు పెట్టారంటే విలువ పడిపోతుంది. ముందు చెక్కకి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్లు విసరడానికి వాడినది. అలాంటివాటికి వేరే గిరాకీ ఉంది.

ధరకి ప్రకటనలు చూడొద్దు, వేలంలో అమ్ముడైన ధరలే చూడండి: అదే ఫ్యాక్టరీ, అదే మార్క్, అదే స్థితి. దానిపైన వేలం సంస్థ కొనేవాళ్ల దగ్గర తీసుకునే కమిషన్ కలుపుకోండి.

ఇంకోటి, మీరు హెచ్1బీ మీద ఉంటే వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డంకి లేదు. ఊరికి తెచ్చే ఆలోచన అసలు వద్దు, ఇండియాలో .303 నిషేధిత బోర్ కిందికి వస్తుంది.