సర్వర్లు ఇల్లు మారే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య అడిగింది, "దాని గొంతులో టెన్షన్ ఉందేమిటండీ?" అని. ఇరవై రెండు వీఎంలను, అంటే అసలు సర్వర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లను, వాటిని నడిపే వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్ అనే ఇంకోదానిలోకి మార్చాలట అన్నాను. అర్థం కాలేదు గానీ, "ఇరవై రెండు కాపురాలు ఒకేసారి ఇల్లు ఖాళీ చేస్తున్నట్టా?" అంది. ముప్పయ్యేళ్ల నా సర్వీసులో ఇంత సరిగ్గా చెప్పిన మేనేజర్ ఒక్కడూ తగల్లేదు.

ఫోన్లో గబగబా చెప్పినవి నువ్వు రాసుకున్నావో లేదో. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వీఎంవేర్ మీద మీ ఓనరుగారి కోపం న్యాయమే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వీఎంవేర్ వెళ్లింది. ఆ డిసెంబరులోనే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి, సబ్‌స్క్రిప్షన్ తప్ప వేరే దారి లేకుండా చేశారు. మీరు వాడుతున్న 7వ వెర్షన్‌కి మామూలు సపోర్టు కూడా 2025 అక్టోబరు 2తో అయిపోయింది. ఇక ప్రాక్స్‌మాక్స్ అంటే నిన్నగాక మొన్న పుట్టిందేమో అని ఆయన భయపడుతున్నారన్నావు కదా. వియన్నాలోని కంపెనీ అది, మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. కింద నడిచేది డెబియన్ లినక్స్. వీఎంలను మోసేది కేవీఎం, అది 2007 నుంచి లినక్స్ కెర్నల్‌లో భాగం. ఈ మాట చెప్పు, ఆయన కాస్త స్థిమితపడతారు.

నువ్వు మాత్రం కాపీ గురించే ఆలోచిస్తున్నావు. "ఎన్ని టీబీ, ఎన్ని గంటలు" అని మూడుసార్లు అడిగావు. కాపీ చిన్న పని. డిస్క్ ఫైలు అటు వెళ్తుంది, సరే. కానీ లోపలున్న విండోస్ కళ్లు తెరిచేసరికి మదర్‌బోర్డు వేరు, డిస్క్ కంట్రోలర్ వేరు, నెట్‌వర్క్ కార్డు వేరు. దానికి పాత ఇల్లే గుర్తుంటుంది. అందుకని సగానికి పైగా పని అది పాత ఇంట్లో ఉండగానే చెయ్యాలి. ఇంకోటి, ఏ గంట దాకా వెనక్కి రాగలమో ముందే రాసిపెట్టుకోవాలి. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు ఒక నోటుబుక్కు తీసుకో. ఎక్సెల్ వద్దనడం లేదు, నాకు కాగితం అలవాటు. వీసెంటర్‌లో (వీఎంవేర్ సర్వర్లన్నిటినీ ఒకచోట చూసుకునే సాఫ్ట్‌వేర్) కనిపించే పేర్లు రాసుకుంటే సరిపోదు. "టెస్ట్2" అని ఒక వీఎం ఉందన్నావు, ఎవరిదో తెలియదన్నావు. అలాంటి దాన్ని ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పరు. "ఇది ఆగితే ఏది ఆగుతుంది?" అని అడుగు. నాకైతే అది లారీలు తూచే కాటా సాఫ్ట్‌వేరేమో అని అనుమానం. మేత లారీల తూకం చీటీ దాన్లోంచే వస్తుంటే, ఆ ఒక్క వీఎంకి డౌన్‌టైమ్ అడగడం అకౌంట్స్ కంటే కష్టం. అకౌంట్స్ వాళ్లు ఆదివారం రారు, లారీలు వస్తాయి. ఒక్కో వీఎంకి ఐపీ, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), డిస్కులు ఎన్ని, బయోస్‌తో లేస్తుందా యూఈఎఫ్‌ఐతోనా (మెషిన్‌ని లేపే పాత, కొత్త పద్ధతులు), స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో వీఎం ఎలా ఉందో పట్టి ఉంచినవి) ఉన్నాయా, అడ్మిన్ పాస్‌వర్డు నిజంగా పనిచేస్తుందా, ఇవన్నీ రాయి. పాస్‌వర్డు సంగతి నవ్వులాట కాదు. మారిన రోజు నెట్‌వర్క్ ఉండదు, కన్సోల్‌లోంచే లోపలికి వెళ్లాలి. డొమైన్ లాగిన్ (ఆఫీసు మొత్తానికీ ఉండే లాగిన్) పనిచేయకపోవచ్చు. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు ఆరేళ్ల కింద మానేసి వెళ్లిన కుర్రాడి బుర్రలో ఉంటే ఏం చేస్తావు?

బయోస్ అని ఉన్నదాన్ని అటు యూఈఎఫ్‌ఐగా పెడితే లేవదు, ఇటుది అటైనా అంతే. స్నాప్‌షాట్లు ఉంటే ముందే తీసేసి ఒక్కటిగా కలిపెయ్యి. వాటితో కాపీ నత్తనడక నడుస్తుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) పెట్టిన డిస్కు ఉంటే రికవరీ కీ కాగితం మీద చేతిలో ఉండాలి.

ఇప్పుడు విండోస్ వాటి సంగతి. అసలు తలనొప్పి అక్కడే. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు వేగంగా నడవాలంటే విర్ట్‌ఐఓ డ్రైవర్లు (కేవీఎం చూపించే ఉత్తుత్తి హార్డ్‌వేర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) కావాలి, విండోస్‌లో అవి పుట్టుకతో ఉండవు. డ్రైవర్ లేకుండా డిస్కుని విర్ట్‌ఐఓ మీద పెడితే నీలం స్క్రీన్ వచ్చి, బూట్ డివైస్ అందడం లేదని చెప్పి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. పాత ఇంట్లోనే డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేశాను కదా అనుకుంటావు, అదీ చాలదు. ఆ హార్డ్‌వేర్‌ని విండోస్ ఇంకా కంటితో చూడలేదు కాబట్టి బూట్ సమయానికి దాన్ని సిద్ధంగా పెట్టుకోదు. నేను చేసే పద్ధతి చెప్తాను. మొదటిసారి సీ డ్రైవ్ డిస్కుని సాటా మీద (విండోస్‌కి ముందే తెలిసిన డిస్కు కనెక్షన్) పెట్టి లేపు, నెమ్మదిగానైనా లేస్తుంది. దాని పక్కనే ఒక్క జీబీ ఖాళీ డిస్కు ఒకటి విర్ట్‌ఐఓ స్కజీ మీద (వేగంగా నడిచే కనెక్షన్) తగిలించు. విండోస్ ఆ చిన్నదాన్ని చూసి డ్రైవర్ ఎక్కించుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు లేదని చూసుకుని షట్‌డౌన్ చెయ్యి. చిన్న డిస్కు తీసేసి, అసలు డిస్కుని సాటా నుంచి విప్పి స్కజీకి మార్చు. ఆ తర్వాత ఆప్షన్స్‌లో బూట్ ఆర్డర్ మార్చడం అందరూ మర్చిపోతారు. నేను రెండుసార్లు మర్చిపోయి, రెండోసారి అర్ధగంట డ్రైవర్‌ని తిట్టుకున్నాను. మీ దగ్గర విండోస్ సర్వర్ 2008 ఆర్2 ఒకటి ఇంకా బతికే ఉందన్నావు కదా, దానికి కొత్త డ్రైవర్ ఐఎస్‌ఓ (సీడీ లాంటి ఫైలు) పనిచేయదు, పాత విడుదల వెతికి పెట్టుకో.

లేచాక నెట్‌వర్క్. కొత్త కార్డుకి పాత స్టాటిక్ ఐపీ ఇవ్వబోతే, ఈ ఐపీ వేరే అడాప్టర్‌కి ఇప్పటికే ఉందని విండోస్ అంటుంది. ఏ అడాప్టరూ కనిపించదు మరి! అది వీఎంవేర్ ఇంట్లో ఉండిన కార్డు ఆత్మ. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి దాగున్న డివైస్‌లు చూపించమంటే మసకగా కనిపిస్తుంది, అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్యి. వీఎంవేర్ టూల్స్‌ని (వీఎం లోపల వీఎంవేర్ పెట్టే సహాయక సాఫ్ట్‌వేర్) పాత ఇంట్లోనే తీసెయ్యడం మేలు, కొత్త చోటికి వచ్చాక అది చాలాసార్లు మొండికేస్తుంది. కానీ తీశావంటే అక్కడి నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ కూడా దాంతో పోవచ్చు. కాబట్టి ఆ రాత్రి ఆఖరి పనిగా, కన్సోల్‌లోంచి, ఐపీ వివరాలు రాసుకున్నాకే తియ్యి.

లినక్స్ వీఎంలు బుద్ధిమంతులు. అక్కడ ఈఎన్‌ఎస్192గా ఉన్న కార్డు ఇక్కడ మామూలుగా ఈఎన్‌ఎస్18 అవుతుంది, కాన్ఫిగ్ ఫైల్లో ఆ పేరు మారిస్తే చాలు. ఉబుంటువి నిన్ను ఇబ్బంది పెట్టవు. సెంటాస్ 7 మాత్రం తను పుట్టిన హార్డ్‌వేర్ డ్రైవర్లే బూట్ ఇమేజ్‌లో పెట్టుకుని ఉంటుంది, డిస్కు కనపడక ఎమర్జెన్సీ షెల్లో పడుతుంది. కంగారుపడకు. లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో కింద రెస్క్యూ అని ఒక ఎంట్రీ ఉంటుంది, అందులో అన్ని డ్రైవర్లూ ఉంటాయి. దాంతో లేపి డ్రాకట్ అనే కమాండ్‌తో ఇమేజ్ మళ్లీ తయారు చెయ్యి.

డొమైన్ కంట్రోలర్‌ని (ఆఫీసులో అందరి లాగిన్లూ చూసే సర్వర్) మాత్రం మార్చకు. కొత్త చోట కొత్త విండోస్ వీఎం వేసి, దాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చి, రెండ్రోజులు సింక్ చూసుకుని, బాధ్యతలు అప్పజెప్పి పాతదాన్ని దించెయ్యి. టాలీ లైసెన్సు మెషిన్‌ని గుర్తుపెట్టుకునే రకం. ఆపే ముందు సరెండర్ చేసి, కొత్త చోట మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. ఆ ఐడీ ఎవరి మెయిల్ మీద ఉందో ఈ వారంలోనే కనుక్కో. శనివారం రాత్రి పదకొండింటికి ఓటీపీ కోసం రిటైరైన అకౌంటెంటుగారిని లేపడం మర్యాద కాదు.

మీవి మూడు హోస్టులు (వీఎంలను మోసే అసలు మెషిన్లు), డిస్కులన్నీ వాటిలోపలే. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చేసిన డిస్కు మీద పాత వీఎంఎఫ్‌ఎస్ (వీఎంవేర్ డిస్కు అమరిక) ఉండదు, తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఒక హోస్టులోని వీఎంలను మిగతా రెండింట్లో సర్ది, అది ఖాళీ చేసి, మొదట దాని మీద వెయ్యి. రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి ఒకటిగా చూపించేది) మీద జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను తానే నేరుగా చూసుకునే నిల్వ పద్ధతి) పెట్టకు. కార్డుని దాటవేసి డిస్కులు నేరుగా ఇవ్వగలిగితే సరే, లేకపోతే ఎల్‌వీఎం-థిన్ అనే ఇంకో నిల్వ పద్ధతి చాలు. ఇక క్లస్టర్, అంటే హోస్టులన్నిటినీ ఒక జట్టుగా కట్టడం. చేరబోయే హోస్టు మీద వీఎంలు ఉండకూడదు, అందుకని ఖాళీగా ఉన్నప్పుడే చేర్చు. రెండే ఉన్న రోజుల్లో ఒకటి పడిపోతే రెండోదానికి మెజారిటీ ఉండదు, నడిచేవి నడుస్తాయి గానీ కొత్తగా దేన్నీ స్టార్ట్ చేయనివ్వదు. మూడోది చేరేదాకా రెండింట్లో దేన్నీ ఊరికే రీస్టార్ట్ చేయకు.

నువ్వు అడిగిన గంటల లెక్క ఇదిగో. మీ స్విచ్ 1 గిగాబిట్. నికరంగా సెకనుకి 110 ఎంబీ వస్తే 1 టీబీకి రెండున్నర గంటలు. ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఈఎస్‌ఎక్స్‌ఐలోంచి (హోస్టు మీద నడిచే వీఎంవేర్) నేరుగా లాక్కునే ఇంపోర్ట్ విజర్డ్ లోపలే ఉంది. దానికి వీసెంటర్ అడ్రస్ ఇవ్వకు, చాలా నెమ్మదిస్తుంది. హోస్ట్ అడ్రస్సే ఇవ్వు. కాపీ అవుతూ ఉండగానే వీఎంని లేపే లైవ్ ఇంపోర్ట్ అని ఒక టిక్ ఉంటుంది, డేటాబేస్ ఉన్న వాటికి దాని జోలికి పోకు. మధ్యలో కాపీ తెగితే, లేపిన దగ్గర్నుంచి రాసినదంతా పోతుంది.

ముహూర్తం గురించి. జీఎస్టీ రిటర్న్‌లు 11న ఒకటి, 20న ఒకటి. నెలాఖరున జీతాలు. అంటే 20 దాటిన మొదటి శనివారం నీది. పంతులుగారు వేరే రోజు చెప్పినా ఓనరుగారికి ఈ లెక్కే చెప్పు. మొదటి శనివారం ఎవరూ ఏడవని వీఎంలు మూడు మార్చు, వాటితోనే నీ చెయ్యి తిరుగుతుంది. బిల్లింగ్ డేటాబేస్‌ని అన్నిటికంటే ఆఖరున పెట్టుకో.

ఇప్పుడు వెనక్కి రావడం గురించి. కొత్త వీఎంలో ఒక్క బిల్లు పడిందా, ఇక పాతదానికి వెళ్తే ఆ బిల్లు పోయినట్టే. కాబట్టి వాడేవాళ్లని లోపలికి వదలకముందే తేల్చుకోవాలి. ఉదయం ఐదు గంటలకల్లా ప్రింటు, కాటా చీటీ, రిపోర్టు మూడూ రాకపోతే పాతదాన్నే ఆన్ చేస్తాం అని ముందే ఓనరుగారికి మెయిల్ పెట్టు. తెల్లవారుజామున నిద్రమత్తులో "ఇంకో అరగంట చూద్దాం" అనిపిస్తుంది. ఆ మెయిల్ ఉంటే అనిపించదు.

నేను దెబ్బతిన్నది కూడా చెప్పాలి. విజయవాడలో ఒక చోట పనిచేసేటప్పుడు, పేరెందుకులే, బిల్లింగ్ వీఎంని ఇలాగే మార్చాం. ఐపీ అదే, మ్యాక్ కూడా అదే ఉంచాం. అంతా బాగుంది, ఆదివారం బిర్యానీ తిని పడుకున్నాం. సోమవారం పొద్దున కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక పాత హోస్ట్ తనంతట తను లేచి, ఆటోస్టార్ట్ లిస్టులో ఉన్న పాత వీఎంని కూడా లేపింది. ఒకే ఐపీ, ఒకే మ్యాక్‌తో రెండు మెషిన్లు. కొందరి బిల్లులు కొత్తదాన్లో, కొందరివి పాతదాన్లో, ఒక్కొక్కరికి గంటకోరకంగా. "నెట్ స్లోగా ఉంది సార్" అంటుంటే సాయంత్రం దాకా స్విచ్‌ని అనుమానిస్తూ కూర్చున్నాం. ఒకే నంబరుతో రెండు బిల్లులు పట్టుకుని ఒక పార్టీ కౌంటర్ దగ్గరికి వచ్చాక గానీ మాకు వెలగలేదు. మంగళవారమంతా ప్రింట్లు ముందేసుకుని చేత్తో మళ్లీ ఎక్కించాం. అప్పటినుంచి పాత వీఎం ఆపిన మరుక్షణం ఆటోస్టార్ట్ తీసేస్తాను, దాని నెట్‌వర్క్ కార్డుకి కనెక్ట్ టిక్ తీసేస్తాను, పేరు ముందు "ఆన్ చేయొద్దు" అని పెడతాను. మూడూ చేస్తాను.

పాతవాటిని ఒక నెలాఖరు దాటేదాకా చెరపకు. కొత్త చోట మొదటి రాత్రే బ్యాకప్ తీసి, మర్నాడు వేరే పేరుతో, నెట్‌వర్క్ తీసేసి రీస్టోర్ చేసి చూడు. పాత బ్యాకప్‌ల సంగతి కూడా ఉంది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు ఉంచాలి. మీ పాత బ్యాకప్‌లు తెరవడానికి వీఎంవేర్ హోస్టే కావాలంటే, అన్ని హోస్టులూ మార్చేశాక ఆడిటర్ వచ్చి 2019 లెడ్జర్ అడిగితే ఎక్కడ తెరుస్తావు? మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాళ్లని ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాతలో తీసుకో.

శుక్రవారం లోగా నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపు. "టెస్ట్2" ఏమిటో తేలాకే పంపు. శనివారం రాత్రి నా ఫోన్ ఆన్‌లోనే ఉంటుంది. సర్వర్ రూమ్ ఏసీ నీళ్లు కారుతోందన్నావు, ఆ బకెట్ ర్యాక్ కింద నుంచి తీయించు ముందు.

మావయ్య