టెక్ సందేహాలు: ఎండకు ఒకటి, వానకు ఒకటి... బైక్ గ్లౌజులు ఎలా కొనాలి?

ఈసారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కంటే బైక్ గ్లౌజుల మీదే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసేవాళ్లు కూడా గ్లౌజుల దగ్గరికొచ్చేసరికి రంగు చూసి తీసేసుకుంటున్నారు. బండి మీద నుంచి పడ్డవాడు ముందు నేలకు ఆనించేది చేతులే. అందుకే ఈ వారం చోటంతా వీటికే ఇస్తున్నాం.

పొద్దస్తమానం డెలివరీ పని మీద బండి మీదే ఉంటాను. ఏప్రిల్, మే నెలల్లో గ్లౌజు వేస్తే చెయ్యి ఉడికిపోతుంది, వెయ్యకపోతే ముంజేతి దాకా మాడిపోతుంది. రోడ్డు పక్కన అమ్మే కాటన్ గ్లౌజులు చాలవా?
— ఒక పాఠకుడు, రేణిగుంట

ఎండ తగలకుండా ఆపడానికి చాలు. పడినప్పుడు మాత్రం వాటివల్ల ఏ ఉపయోగమూ లేదు. తారు రోడ్డు మీద చెయ్యి జారితే పల్చటి కాటన్ గుడ్డ అప్పటికప్పుడే చిరిగిపోతుంది, తర్వాత లేచేది చర్మమే. పైగా కాటన్ చెమటను పీల్చుకుని వదలదు. యాక్సిలరేటర్ తిప్పే చేతిలో ఆ తడిగుడ్డ ముడతలు పడి, బొటనవేలి మొదట్లో పొక్కులు తెస్తుంది.

మన దగ్గర ఎండాకాలం గ్లౌజు ఎందుకు చికాకు పెడుతుందో చూద్దాం. చర్మం వేడి సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. బయట గాలి 40 దాటాక ఆ గాలి చేతిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. చల్లబరిచేది ఆరే చెమట ఒక్కటే. కాబట్టి గాలి లోపలికి రావడంతో పాటు తేమ బయటికి పోయే దారి కూడా ఉండాలి. అరచేతి వైపు మేకతోలు, చేతి వెనక మెష్ (గాలి ఆడే జాలీ గుడ్డ), కణుపుల మీద గాలి రంధ్రాలున్న గట్టి గార్డు, మణికట్టు దగ్గర పొట్టి కఫ్: రోహిణి కార్తెలో మీ పనికి ఈ కూర్పు సరిగ్గా సరిపోతుంది. మేకతోలు పల్చగా ఉన్నా గట్టిది, వేళ్లతో పాటు సులువుగా వంగుతుంది. చేతి వెనక భాగం నలుపు కాకుండా లేత బూడిద రంగు తీసుకుంటే ఎండను తక్కువ పీల్చుకుంటుంది.

లోపల వేసుకోవడానికి పల్చటి పాలిస్టర్ లైనర్లు రెండు జతలు ఉంచుకోండి. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు తడిసినవి తీసి ఆరేసి, పొడివి వేసుకోండి. మరీ మంటగా ఉన్న పూట లైనర్‌ను నీళ్లలో తడిపి, బాగా పిండి వేసుకుంటే మెష్ లోంచి వచ్చే వేడిగాలికే ఆ నీరు ఆరుతూ కాసేపు చల్లగా ఉంచుతుంది. ఉక్కపోత రోజుల్లో మాత్రం ఈ చిట్కా పెద్దగా పనిచేయదు, గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి.

కొట్లో చూడాల్సినవి నాలుగున్నాయి. అరచేతి మడమ మీద, అంటే మణికట్టుకు కాస్త పైన, నున్నటి గట్టి ప్లాస్టిక్ ముక్క ఉందా? దాన్ని పామ్ స్లైడర్ అంటారు. పడ్డప్పుడు తోలు రోడ్డుకు పట్టేసి ఆగిపోతే ఒళ్లు బరువంతా మణికట్టు లోని చిన్న ఎముక మీద పడి విరుగుతుంది. స్లైడర్ ఉంటే చెయ్యి ఆగకుండా జారుతుంది. రెండోది, అరచేతి తోలు రెండు పొరలుగా ఉందా? మూడోది, చిటికెన వేలిని ఉంగరపు వేలికి కలిపే చిన్న తోలు పట్టీ. జారేటప్పుడు చిటికెన వేలు విడిగా వెనక్కి మెలి తిరగకుండా ఇది ఆపుతుంది. చవక గ్లౌజుల్లో ఇది అరుదు. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: మణికట్టు పట్టీ బిగించి, రెండో చేత్తో వేళ్ల చివర్లు పట్టుకుని గట్టిగా లాగండి. గ్లౌజు ఊడి చేతికొచ్చిందంటే రోడ్డు మీద కూడా మొదటి దెబ్బకే ఊడిపోతుంది. ఎంత మంచి తోలైనా దాన్ని అక్కడే పెట్టేయండి.

లేబుల్ సంగతి. హెల్మెట్లకు ఐఎస్ 4151 తప్పనిసరి అయినట్టు గ్లౌజులకు ఇక్కడ తప్పనిసరి గుర్తేమీ లేదు. అందుకని యూరప్ ప్రమాణం చూసుకోవాలి. లోపల కుట్టిన గుడ్డ ముక్క మీద బైక్ బొమ్మ, దాని కింద ఈఎన్ 13594:2015, పక్కన 1 లేదా 2, కణుపులకు దెబ్బ పరీక్ష పాసైతే కేపీ అని ఉంటుంది. లెవల్ 1కి అరచేతి తోలు రాపిడి యంత్రం మీద సగటున 4 సెకన్లు, లెవల్ 2కి 8 సెకన్లు నిలవాలి. లెవల్ 1లో కేపీ ఐచ్ఛికం, లెవల్ 2లో తప్పనిసరి. యూరప్ గుర్తయిన సీఈ అన్న రెండక్షరాలు మాత్రమే ఉండి నంబరు లేకపోతే దాన్ని నమ్మకండి. ఊళ్లో తిరగడానికి కేపీ ఉన్న లెవల్ 1 చాలు. చెన్నై, బెంగళూరు హైవేలు ఎక్కేవాళ్లు లెవల్ 2 చూసుకోండి.

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు రోజూ పోయొస్తాను. వాటర్‌ప్రూఫ్ అని కొన్న గ్లౌజుల్లో నవంబరు వానకు గంటలో నీళ్లు నిండాయి. తీస్తే లోపలి గుడ్డ వేళ్లతో పాటు బయటికొచ్చింది, మళ్లీ లోపలికి పోవడం లేదు. మోసపోయానా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

మోసమని ఇప్పుడే అనేయకండి. వాటర్‌ప్రూఫ్ గ్లౌజులో నీళ్లు నిండటానికి మూడు దారులున్నాయి, మీది ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఒకటి, జాకెట్ చెయ్యి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచెయ్యి పైన, మణికట్టు కింద ఉంటుంది. భుజం మీద పడ్డ నీరంతా జాకెట్ చేతి వెంబడి పారి, పైకి తెరిచి ఉన్న కఫ్‌లోకి గరాటులో పోసినట్టు దిగుతుంది. వానలో గ్లౌజు కఫ్ రెయిన్ జాకెట్ చేతి లోపలికి పోవాలి. చాలామంది దానికి సరిగ్గా తిరగేసి వేసుకుంటారు.

రెండు, పై గుడ్డ నానిపోవడం. నీటిని ఆపే పొర పైన ఉండదు. పై గుడ్డకూ లోపలి లైనింగ్‌కూ మధ్య సంచిలా ఉండే పల్చటి మెంబ్రేన్ అది. పై గుడ్డకు నీళ్లు బొట్లుగా జారిపోయే పూత ఒకటి ఉంటుంది, అది కొన్ని నెలలకు అరిగిపోతుంది. అప్పుడు గుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతుంది, లోపలి చెమట ఆవిరి బయటికి పోయే దారి మూసుకుంటుంది. వాన నీరు లోపలికి రాకపోయినా చెమటతోనే చెయ్యి తడుస్తుంది, గాలికి జివ్వుమంటుంది. మూడు, మెంబ్రేన్‌కే చిల్లు పడటం, లేదా దాని కుట్టు విడిపోవడం.

పరీక్ష ఇలా చేయండి. అయిదు వేళ్లకూ టిష్యూ పేపరు ఒక చుట్టు చుట్టి గ్లౌజు వేసుకోండి. బకెట్టు నీళ్లలో కఫ్ అంచు మునగకుండా చెయ్యి ముంచి, పిడికిలి మూస్తూ తెరుస్తూ అయిదు నిమిషాలుంచండి. తీసి చూస్తే ఒక్క వేలి కాగితమే ముద్దయిందంటే ఆ వేలి దగ్గర మెంబ్రేన్ పోయింది, వారంటీలో మార్పించుకోండి. కాగితాలన్నీ పొడిగా ఉంటే తప్పు గ్లౌజుది కాదు, నీళ్లు జాకెట్ చేతి లోంచి వస్తున్నాయి. అన్నీ కొంచెం చెమ్మగా ఉంటే అది చెమట. ఆ గ్లౌజులు ఉతికి ఆరబెట్టి, నీటిని వికర్షించే స్ప్రే మళ్లీ పైపూతగా వేయాలి.

ఇక లైనింగ్ బయటికి రావడం. మధ్యరకం గ్లౌజుల్లో లైనింగు, మెంబ్రేన్ రెండూ వేలి కొసన చిన్న పట్టీతో మాత్రమే పై తోలుకు అంటి ఉంటాయి. తడి చెయ్యిని ఒక్కసారిగా లాగితే ఆ పట్టీ తెగి, లైనింగు వేలితో పాటు వచ్చేస్తుంది. దాన్ని లోపలికి నెట్టడానికి పెన్ను మొద్దు కొన వాడండి. పుల్లలు, స్క్రూడ్రైవర్లు వద్దు, మెంబ్రేన్ చిల్లు పడుతుంది. ఒక్కో వేలిని చివరికంటా నెట్టి, బయటి నుంచి వేలి కొసను చిటికెతో నొక్కి పట్టుకుని పెన్ను వెనక్కి తీయాలి. పట్టీ తెగి ఉంటే ఇది తాత్కాలికమే, తడిసినప్పుడల్లా మళ్లీ వస్తుంది. ఇకపైన గ్లౌజు తీసేటప్పుడు రెండో చేత్తో ఒక్కో వేలి కొసనూ కొంచెం కొంచెం లాగి, అన్నీ వదులయ్యాకే చెయ్యి బయటికి తీయండి.

మా సలహా సూటిగా చెబుతాం. చిత్తూరు, తిరుపతి వైపు మన జిల్లాల్లో పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ మూడు నెలల కోసం ఖరీదైన వాటర్‌ప్రూఫ్ గ్లౌజు కొని, మిగతా తొమ్మిది నెలలు దానిలోనే చెమటలు కక్కే కన్నా, మంచి ఎండాకాలం గ్లౌజు ఒకటి, దాని మీద తొడుక్కునే పల్చటి రెయిన్ ఓవర్‌గ్లౌజు ఒకటి ఉంచుకోవడం మేలు. మడిస్తే సీటు కింద పట్టేస్తుంది. కొనేటప్పుడు లోపలి గ్లౌజు వేసుకునే సైజు చూడండి, కుట్ల మీద లోపలి వైపు టేపు అతికి ఉందో లేదో చూడండి, అరచేతి వైపు రబ్బరు చుక్కలున్నవి తీసుకోండి. లేకపోతే తడిలో బ్రేక్ లివర్ మీద వేళ్లు జారుతాయి. మీలా రోజూ ఘాట్ దిగేవాళ్లు ముందు ఖాళీ రోడ్డు మీద ఒకసారి వేసుకుని బ్రేకు అలవాటు చేసుకోవాలి. రెండు పొరల మందం వల్ల లివర్ ఎంత నొక్కుతున్నామో వేలికి తెలియడం తగ్గుతుంది.

టచ్‌స్క్రీన్ గ్లౌజులని ఇచ్చారు. వేలు నొక్కితే మ్యాప్ కదలదు. వాన పడితే ఫోను దానంతట అదే ఏదేదో తెరుస్తుంది.
— ఒక పాఠకురాలు, తిరుపతి

ఫోన్ తెర మీద సన్నటి విద్యుత్ క్షేత్రం ఉంటుంది. వేలు విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి తాకిన చోట ఆ క్షేత్రం మారుతుంది, ఫోను దాన్ని పసిగడుతుంది. తోలు, గుడ్డ అడ్డమైతే మార్పు తెలియదు. టచ్ గ్లౌజుల వేలి కొసన కార్బన్ కలిపిన తోలో, వెండి లేదా రాగి పోగులున్న దారమో పెడతారు. అది మీ చర్మానికి ఆనితేనే పని జరుగుతుంది. వేలి కొస దగ్గర అర సెంటీమీటరు ఖాళీ ఉంటే ఎంత మంచి పోగు పెట్టినా లాభం లేదు. మీది సైజు పెద్దదయ్యే అవకాశమే ఎక్కువ. లోపల లైనర్ వేసుకున్నా ఇదే గతి.

ఫోన్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద టచ్ సెన్సిటివిటీ లేదా గ్లోవ్ మోడ్ అని ఉంటే ఆన్ చేయండి. మందపాటి టెంపర్డ్ గ్లాస్ తీసి పల్చటిది వేస్తే ఇంకొంచెం నయం. వానలో దానంతట అదే తెరుచుకోవడానికి కారణం నీటి బొట్లే. అవి కూడా విద్యుత్తును పోనిస్తాయి, ఫోను వాటిని వేళ్లనుకుంటుంది. అందుకే బయల్దేరే ముందే దారి పెట్టేసి, బ్లూటూత్‌లో మాటలు వింటూ వెళ్లండి. నొక్కాల్సి వస్తే బండి పక్కకు ఆపండి. ఇంకో మాట: హ్యాండిల్‌కు ఫోను బిగించేవాళ్లకు, బైక్ ఇంజిన్ కంపనాల వల్ల ఐఫోన్ కెమెరా ఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. కంపనాలను తగ్గించే డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి.

జనవరిలో తెల్లవారుజామున హార్స్లీ హిల్స్‌కు బైకు మీద పోవాలని ఉంది. బ్యాటరీతో వేడెక్కే గ్లౌజులు కొనమంటారా?
— ఒక పాఠకుడు, పీలేరు

అక్కర్లేదు. హార్స్లీ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కొండ మీద 10 డిగ్రీల చలి ఉందనుకుందాం, అందులో 60 కిలోమీటర్ల వేగంతో పోతే గాలి వల్ల ఒంటికి 5 డిగ్రీల్లా తగులుతుంది. దానికి మెష్ లేని తోలు గ్లౌజు, లోపల పల్చటి ఉన్ని లైనరు చాలు. గాలిని ఆపితే సగం చలి ఆగినట్టే. వెచ్చదనం కోసం బిగుతు గ్లౌజులో మందం లైనరు కుక్కితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. తిరుమల కొండ మీదికి పోయేవాళ్లకు కింద తిరుపతితో పోలిస్తే తేడా సాధారణంగా నాలుగైదు డిగ్రీలే కాబట్టి వాళ్లకూ ఇదే సరిపోతుంది. లద్దాఖ్ పోయేవాళ్లకు బ్యాటరీ గ్లౌజుల మాట వేరు.

స్కూటీ మీద రోజూ బడికి పోతాను. చిన్న సైజు అన్నవి కూడా నాకు వదులే. అరగంట నడిపితే చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి.
— ఒక ఉపాధ్యాయురాలు, పుత్తూరు

రెండింటికీ సంబంధం ఉంది మేడమ్. వదులు గ్లౌజు తిరిగిపోకుండా మీకు తెలియకుండానే గ్రిప్‌ను గట్టిగా పిసుకుతున్నారు. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు పోయే నరం నలుగుతోంది. ఆ చోట మందం జెల్ ప్యాడ్ ఉంటే ఇంకా ఒత్తుతుంది, పల్చటి అరచేయి ఉన్నవి తీసుకోండి.

కొలత ఇలా: రోజూ ఎక్కువగా పనిచేసే చేతికి, బొటనవేలు వదిలి, కణుపుల చుట్టూ దర్జీ టేపు చుట్టండి. సుమారు 18 సెంటీమీటర్లుంటే 7, అంటే ఎస్. 20 ఉంటే 8, ఎం. 23 ఉంటే 9, ఎల్. 18 కంటే తక్కువైతే ఆడవాళ్ల కోసం వేరుగా చేసినవి చూడండి, వాటి వేళ్లు సన్నగా ఉంటాయి. కొట్లో వేసుకుని చెయ్యి చాచి చూడటం చాలదు. బండి గ్రిప్ పట్టుకుని, బ్రేక్ మీద రెండు వేళ్లు పెట్టి చూడాలి. వేలి కొసలు కుట్టుకు గుచ్చుకోకూడదు, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం లాగకూడదు. తోలు వారం పది రోజుల్లో వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో దాదాపు సాగదు. కాబట్టి కొత్తప్పుడు అడ్డంగా కాస్త బిగుతుగా ఉన్నా ఫరవాలేదు, పొడవులో మాత్రం రాజీ పడొద్దు. సైజు మార్చినా రెండు వారాల్లో తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

గ్లౌజులు వాసన కొడుతున్నాయి. వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

వద్దు. మెష్ గ్లౌజులైతే వెల్క్రో మూసేసి, గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి వాటిని చేతులకు తొడుక్కుని, చేతులు కడుక్కున్నట్టు రుద్దండి. నురగ పోయేదాకా జాడించి, మెలి తిప్పకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. తోలువైతే తడిగుడ్డ, సాడిల్ సోప్ (తోలు శుభ్రం చేసే సబ్బు)తో పైన మాత్రమే తుడవాలి. వేళ్లలో దినపత్రిక ముక్కలు కుక్కి, ఫ్యాను కింద నీడలో ఆరనివ్వండి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. ఎండలోనో, వేడి సైలెన్సర్ మీదో పెడితే తోలు అట్టలా బిగుసుకుని మడతల దగ్గర పగులుతుంది. వెల్క్రోలో ఇరుక్కున్న పోగుల్ని పాత టూత్‌బ్రష్‌తో దువ్వేస్తే పట్టీ మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది.